గింజ తూకం

శివాజీనగర్లో, రస్సెల్ మార్కెట్ వెనక సందు.
మెహబూబ్ పాషా సాబ్ తుపాకుల కొట్టులో
మేడమెట్ల కింది బల్ల నాది.
నగర్తపేటలో మా నాయన ముక్కుపుడకలు తూచిన తక్కెడే
ఇప్పుడు మందు తూస్తోంది.

మందు పని అంటే మా ఆవిడకి మొదట్లో వేరే అనుమానం.
నల్లగా, ఆవాలకన్నా సన్నంగా,
దీపావళి మర్నాటి వీధి వాసన.
దొరలు దీన్ని బార్లీ గింజల లెక్కన తూచారట;
మావాళ్ళు బంగారాన్ని గురిగింజల్లో.
గురి అనే మాట మా ఇంట్లో ముందే ఉంది,
తుపాకే ఆలస్యంగా వచ్చింది.

ఏటా వానలు తెరిపిస్తుండగా
విరాజపేట నుంచి నాచప్పగారు దిగేవారు
బిస్కెట్ల డబ్బాలో ఇత్తడి గుల్లలతో.
వాళ్ళ తాత కొన్న లివర్ రైఫిలు.
దాని తూటాలు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది.
ఆయుధాల పండగనాడు చెట్టుకి కట్టిన
కొబ్బరికాయని కొట్టాలి. అంతే.
అందుకు ఆరు గంటల బస్సు.

పేలిన ప్రతిసారీ గుల్ల మెడ కాస్త సాగుతుంది.
గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటాను.
మోగితే ఇంకో ఏడు. బొంగురుపోతే పగులు.
ఇరవై, పదిహేడు, పదకొండు.
"నేను ముందా, ఇవి ముందా, చూద్దాం ఆచారీ,"
అని టీకి వెళ్ళిపోయేవారు, లెక్క నాకొదిలి.

మొన్న షట్టర్ సగం దించాక
వాళ్ళమ్మాయి దేచమ్మ వంగి లోపలికొచ్చింది.
సందు మొదట్లో అంబులెన్సు, లైటు ఆర్పేసి.
డబ్బా బల్లమీద పెట్టి "రెండు" అంది.
పండక్కి ఒకటి చాలు కదమ్మా, అనబోయాను.
చావుకి రెండు పేలుస్తారు వాళ్ళలో;
ఆయనే చెప్పారొకసారి, పకోడీ నములుతూ.

"గుండు వెయ్యనా?"
"ఆకాశానికే కదా."

ఊపిరి బిగబట్టడం ఈ పనిలో మామూలే,
వదలడమే ఆ రాత్రి చేతకాలేదు.
బాగా మోగిన రెంటిని ఏరాను.
తూచాను. ఒంపేసి మళ్ళీ తూచాను.
డబ్బుల మాటెత్తితే పాషా సాబ్ గోడవైపు తిరిగాడు.
మిగతా తొమ్మిదీ ఇక్కడే ఉంచమంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం
ఖాళీ తక్కెడ ముల్లు కదిలింది.
"ఫ్యాన్ కట్టెయ్ రా," అన్నాడు పాషా సాబ్
పేపర్ వెనకనుంచి.
లేచి కట్టేశాను.