లాభం, రెండు, మూడు

అంబాజీపేటలో మా కమీషను కొట్టుకి
ఆ వేసవి దింపు మొత్తం
ఐదు లక్షల పదివేల ఐదువందల పది కాయలు.
చిట్టాలో చూస్తే
510, పక్కనే మళ్ళీ 510.
ఒకే పడవ, కాలవలో దాని నీడ.

కరెంటు పోయింది. లారీ రాలేదు.
గుమస్తాకి ఇంతకన్నా తీరిక ఎప్పుడు?
లాంతరు వెలుగులో ఆ సంఖ్యని వలవడం మొదలెట్టాను.

చివర సున్నా ఉంది కదా,
రెండూ ఐదూ పీచులా ఊడొచ్చాయి.
అంకెలన్నీ కూడితే పన్నెండు, అంటే మూడూ వచ్చేసింది.
మూడంకెలు పక్కపక్కన రెండుసార్లు రాశామంటే
వెయ్యిన్నొకటితో హెచ్చవేసినట్టే.
వెయ్యిన్నొకటి కడుపులో
ఏడు, పదకొండు, పదమూడు ముడుచుకుని పడుకుంటాయి.
పిలవక్కర్లేదు, వాటంతటవే లేచొస్తాయి.
అడుగున పదిహేడు మిగిలింది.
టెంక.
దేంతోనూ పగలదు.

మొత్తం ఏడు టెంకలు.
రెండు, మూడు, ఏడు, పదిహేడు గౌతమి గట్టున పెట్టాను.
ఐదు, పదకొండు, పదమూడు వశిష్ట గట్టున.
కూడితే అటు ఇరవై తొమ్మిది,
ఇటూ ఇరవై తొమ్మిదే!
హెచ్చవేస్తే అటు ఏడువందల పద్నాలుగు,
ఇటు ఏడువందల పదిహేను,
రేవులో ఒక్క మెట్టు తేడాతో నిలబడ్డ తోడికోడళ్ళలా.

ఎవరికి చెప్పుకోను?
ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి లేపి చెప్పాను.
"బియ్యం నిండుకున్నాయి" అంది, అటు తిరిగి పడుకుంటూ.

తెల్లారేసరికి వలుపు ముఠా వచ్చి కూచుంది,
పందొమ్మిది మంది.
ముఠాలో ఎక్కువ తక్కువలు లేవు, అందరికీ సమానం.
పందొమ్మిదితో భాగించాను.
పద్ధెనిమిది మిగిలాయి.
మళ్ళీ భాగించాను. పద్ధెనిమిదే.
రాత్రి అందరికీ లొంగిన సంఖ్య
పందొమ్మిది గునపాల ముందు మొండికేసింది
ఒక్క కాయ తక్కువై.

మేస్త్రి ముసలయ్య తలపాగా విప్పి దులిపాడు.
"మొదటి రోజు కాటా ముందు కొట్టిన కాయ రాశారాండీ?
అదీ మేం వలిచిందేనండి."

రాయలేదు.
మా తాత కుంచంతో ధాన్యం కొలిస్తే
నోట ఒకటి అన్న మాట వచ్చేది కాదు.
లాభం, రెండు, మూడు అనేవాడు.
నేనూ లాభం అంటూ కాయ కొట్టి, ముక్కలు పంచి,
తరవాతి కాయ దగ్గర ఒకటి మొదలెట్టాను.
వాళ్ళ అరచేతుల్లో కాసిన కాయల్ని ఎలాగూ చిట్టాకెక్కించం,
వలిచిన కాయనైనా ఎక్కించాలి కదా.

ఒకటి కలిపాను.
మనిషికి ఇరవయ్యారువేల ఎనిమిదివందల అరవై తొమ్మిది.
శేషం సున్నా.

మరి రాత్రి నా చుట్టాలు?
రెండుని పిలిచాను, మూడుని పిలిచాను, పదిహేడుదాకా పిలిచాను.
ప్రతివాడూ అదే ఒక్క కాయని
నా చేతిలో పెట్టి పోయాడు.
తెలిసినవాళ్ళందర్నీ హెచ్చవేసి ఒకటి కలిపితే
గుమ్మంలో తెలియనివాళ్ళు నిలబడి ఉంటారు కాబోలు.
పందొమ్మిది వెనక తొంభై ఏడు,
దాని భుజం మీంచి తొంగిచూస్తూ
రెండువందల డెబ్బై ఏడు.
ఇన్నాళ్ళూ వీళ్ళెక్కడున్నారు?

"ఒక్క కాయకి ఇంత రాద్ధాంతమా" అన్నాడు షావుకారు.
నేనేం మాట్లాడలేదు.

కొత్త పేజీ తిప్పాను.
ముసలయ్య మొదటి కాయ కాటా ముందు పెట్టాడు.
అలవాటుకొద్దీ నోరు లాభం అంది.
చెయ్యి మాత్రం
ఒకటి అని రాసింది.