మూడు బైలు

గున్సాన్ రేవు వెనక సందులో
రెండో అంతస్తు గేమింగ్ హాలు.
గోడ మీద నేనే స్కేలు పెట్టి గీసిన చార్టు:
అరవై నాలుగు గీతలు, రెండేసి కలుస్తూ, కలుస్తూ
చివరికి ఒక్కటయ్యేదాకా.
ఈసారి వచ్చిన పేర్లు పదకొండు.
పదహారు గీతలది చాలదా అన్నారు సియోల్ ఆఫీసువాళ్ళు.
చిన్నది గీయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఎదుటి గీత ఖాళీగా ఉంటే దాన్ని బై అంటారు.
ఆడకుండానే గెలుపు.
ఓక్ తేరిమ్ అని పదిహేనేళ్ళ కుర్రాడు
పొద్దుటి నుంచి మూడు బైలు గెలిచాడు.
ఇక్సాన్ నుంచి మొదటి బస్సులో వచ్చాడు,
సొంత కీబోర్డు తువ్వాలులో చుట్టుకుని.
ఆ తువ్వాలు ఇంకా విప్పలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఈ మెట్ల మీద వరస ఉండేది.
పియో కీచోల్ చేపల మార్కెట్టు నుంచి
రబ్బరు బూట్లతోనే వచ్చేవాడు.
వాడు కూర్చున్న మౌస్ రెండు రోజులు నీచు కంపు.
ఏడుసార్లు వచ్చాడు,
ఏడుసార్లూ మొదటి రౌండే.
నర్సింగ్ చదివే మాంగ్ ఉన్‌సిల్
ఓడగానే చార్టు దగ్గరికొచ్చి నిలబడేది.
"ఇంత సన్నగా కొట్టేశారేం నా పేరు?
గట్టిగా కొట్టండి, మళ్ళీ రావాలనిపించాలి."

పైకి వెళ్ళినవాళ్ళకి ఫ్రేములు కట్టించాం.
వీళ్ళు ఆటలో అరటిపండ్లు అనుకున్నాం.
తొక్క తీసి చూస్తే
ఆటంతా వీళ్ళే.

ఫోన్ చేశాను కొందరికి.
"చూస్తూనే ఉన్నానన్నా, రాత్రి రెండింటిదాకా చూస్తా,"
అన్నాడు కీచోల్.
"ఆడటమంటే... ఆ అకాడమీ పిల్లల వేళ్ళు చూశావా?
నావి ఐసు మోసే వేళ్ళు."
ఆ తర్వాత రొయ్యల రేటు గురించి చెప్పాడు, చాలాసేపు.
ఉన్‌సిల్ ఎత్తలేదు. నైట్ డ్యూటీ కాబోలు.
తెల్లవారుజామున మెసేజి:
*గోడ మీద నా పేరు ఇంకా ఉందా?*
పోయినేడే సున్నం వేయించాం.
జవాబు ఇవ్వలేదు.

నాలుగో రౌండులో ఎదుటి గీత మీద పేరుంది.
మనిషి లేడు.
పది నిమిషాలు చూడాలి, అది రూలు.
ముప్పై రెండు కంప్యూటర్లు
తమలో తాము గొణుక్కుంటున్నాయి.
మెట్ల మీద అడుగుల చప్పుడు.
ఇద్దరం ఒక్కసారే తల తిప్పాం.
నూడుల్స్ తెచ్చినవాడు.

"సార్," అన్నాడు తేరిమ్,
"నేను గెలవాలని రాలేదు ఇవాళ.
ఎవరి చేతిలోనైనా ఓడి,
ఎక్కడ తప్పో చూసుకుని పోదామని.
ఓడించడానికైనా ఒకరుండాలి కదా."

రిఫరీ బ్యాడ్జి తీసి నూడుల్స్ గిన్నె పక్కన పెట్టాను.
నాకు నలభై మూడు. ఎడమ మణికట్టుకి పట్టీ.
ఇరవై రెండేళ్ళ కిందట
నేనూ ఒక మొదటి రౌండునే,
ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.
వాడు తువ్వాలు విప్పాడు.
అంచుల్లో బిస్కెట్ పొడి ఉన్న
మామూలు కీబోర్డు.

నాలుగు నిమిషాలు పట్టింది వాడికి.
లేచి, నా వైపు వంగి నమస్కరించి,
"మళ్ళీ ఆడదామా?" అన్నాడు, కూర్చుంటూనే.

"ఒక్క నిమిషం," అన్నాను.
గోడ దగ్గరికి వెళ్ళి
అరవై నాలుగు గీతల కింద, చార్టు బయట
స్కేలు లేకుండా ఇంకోటి గీసి
నా పేరు రాసి
గట్టిగా కొట్టేశాను.