నిండుకుంది

మేరీపోర్ట్ రేవులో పోటు ఎప్పుడొస్తుందో
పదకొండేళ్ళుగా విల్ఫ్ మస్‌గ్రేవ్ చెబుతున్నాడు.
తెల్లటి పేజీ, నాలుగే నాలుగు సమయాలు:
రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు.
అడుగున ఒక్క వాక్యం.
"గాలి పడమర నుంచి. ఒళ్ళు దగ్గర పెట్టుకోండి."

సర్వర్ అద్దె పెరిగిన ఏడాది
ఒక్క ప్రకటన పెడదామన్నది నేనే.
వానకోటుది. పాపం, దాని తప్పేం లేదు.
నెల తిరిగేసరికి పద్నాలుగు పౌండ్లు!
విల్ఫ్ చేపా చిప్సూ కొనిపెట్టాడు.
వెనిగర్ తడిసిన కాగితం మీదే లెక్క వేశాం:
ఒకదానికి పద్నాలుగైతే
ఆరింటికి?

మోకాళ్ళ నొప్పి మాత్రలొచ్చాయి,
ఓడ విహారాలు,
తనంతట తానే మాట్లాడే పరుపు,
మూయబోతే ఇంకోటి తెరుచుకునే జూదం పెట్టె
(దాని ఇంటూ గుర్తు మెంతిగింజంత).
బొటనవేలితో మూడుసార్లు తోస్తే గానీ
పోటు కనబడదు.
పీతల బోనులు వేసే గ్లెన్
కొంకర్లు పోయిన వేళ్ళతో సముద్రం కోసం వెతికి
పరుపు కొన్నంత పని చేశాడు.

సెర్చ్ ఇంజన్ ఎవర్నీ తిట్టదు,
ఉత్తరం ముక్క రాయదు.
గుమ్మంలో నిలబడి
లోపల మనిషి కూర్చోడానికి చోటుందా అని చూస్తుంది,
వెళ్ళిపోతుంది.
మొదటి వరుసలో ఉండేవాళ్ళం.
ఏప్రిల్‌కి తొమ్మిదోది.
జూన్‌కి రెండో పేజీ,
అక్కడిదాకా మునిగిపోయేవాడు కూడా రాడు.
ఆరు ప్రకటనలూ కలిసి రెండు పౌండ్లు.

మా భాషలో, అన్నాను విల్ఫ్‌తో,
డబ్బాలో బియ్యం ఖాళీ అయితే
నిండుకుంది అంటాం.
కళ్ళజోడు పైకి తోసి
తెరకేసి చాలాసేపు చూశాడు.
"నిండు... కుంది,"
నోట్లో చేపముల్లు తీస్తున్నట్టు అన్నాడు.

ఆ రాత్రే ఒక్కొక్కటీ పీకేశాం.
వానకోటు మాత్రం అడుగున ఉండనిచ్చాడు,
ఇక్కడ వాన నిజమేగా అని.

ఏడు వారాలైంది. ఇంకా రెండో పేజీలోనే ఉన్నాం.
వెళ్ళిన సముద్రం ఏ నిమిషానికి తిరిగొస్తుందో
విల్ఫ్ పట్టికలో ఉంది.
వెళ్ళిన మనుషుల సంగతి లేదు.
పొద్దున్నే రేవు గోడ మీద సుద్దముక్కతో రాస్తున్నాడు,
వాన చెరిపేస్తే మళ్ళీ.

రేపు పోటు ఐదూ నలభై రెండుకి.
గాలి ఇంకా పడమర నుంచే.