మూసీకి రెండు కొసలు

ఎడమ కొస బాలనర్సు చేతిలో,
కుడి కొస నా చేతిలో,
మధ్యన ఇరవై రెండు గజాల నీలం సిల్కు.
బేగంబజారులో టోకున కొన్న మూసీ ఇది.

రవీంద్రభారతిలో వింగు చాటున మోకాళ్ళ మీద కూచుని
హార్మోనియం మంద్రంలో ఉన్నంతసేపు మణికట్లతో,
తారకు ఎక్కగానే భుజాలతో
లేపుతాం వరదని.
తబలా హనీఫ్ ఉరుముతాడు.
రేకు డబ్బాలో పెసలు పోసి వాన కురిపించేది వాళ్ళబ్బాయి.

"పొంగెను మూసీ" అని ఎత్తుకున్నాడు మా కవి తిరుమలేశం.
రెండో పాదానికి ప్రాస కావాలి.
అంచేత వరద మంగళవారం వచ్చింది.
అసలు వచ్చింది సోమవారం.
"గణాలు చూడాలా, కేలండరు చూడాలా?" అంటాడు
వక్కపొడి నములుతూ.

ఒకసారి ఆట అయ్యాక రిటైర్డు ప్రొఫెసరు ఒకాయన తెర వెనక్కి వచ్చాడు,
టికెట్టు వెనకాల జాబితా రాసుకుని:
కోటు గుండీలు తప్పు, పడవ తప్పు, వారం తప్పు,
ఆనాటి అఫ్జల్‌గంజ్‌లో ఆ చీరంచు ఎవరూ కట్టలేదు.
అన్నీ సరైన తప్పులే.
నీళ్ళ రంగు మాత్రం ఆయన రాసుకోలేదు.

మా ముత్తవ్వ అంతమ్మకు అప్పుడు తొమ్మిదేండ్లు.
రాత్రంతా చింతచెట్టెక్కి బతికినవాళ్ళలో ఒకతె.
"నీలమెక్కడిది బిడ్డా,
ఇరిగిన చాయ్ తీరుగుండె నీళ్ళు.
పాటనా? పండ్లు కొట్టుకుంటుంటే పాటేడికెల్లి వస్తది?
పాములు గూడ మా పక్కకే కొమ్మ పట్టుకొని ఉండె,
ఒక్కటి కరవలే."
అక్కడిదాకా నవ్వుతూనే చెప్పేది.
"నా ఎన్క ఒక పొల్ల. నా లంగ కొస పట్టుకొని ఉండె.
తెల్లారినంక లేదు."
పేరేమిటని అడిగితే
బియ్యంలో రాళ్ళేరుతూ ఉండిపోయేది.

ఈ ముక్క తిరుమలేశానికి చెప్పింది నేనే,
ఉస్మాన్‌గంజ్ ఇరానీ హోటల్లో, ఒక పౌనా చాయ్ మీద.
"పేరు లేకపోతే పద్యం నిలవదు" అని
ఆ పొల్లకు చంద్రిక అని పెట్టాడు.
పదహారేళ్ళు వయసిచ్చాడు, ప్రేమించినవాణ్ణిచ్చాడు,
మునిగే ముందు మోహనలో నాలుగు పద్యాలిచ్చాడు.
నాలుగోదానికి నాకూ కళ్ళు చెమరుస్తాయి,
అబద్ధమెందుకు.

మొన్న ఆదివారం
చంద్రిక మునిగింది.
చివరి రాగం ఇంకా పైకప్పు దగ్గరే ఉంది,
బాల్కనీలోంచి ఎవరో అరిచారు: వన్స్‌మోర్!
హాలంతా అందుకుంది.
మునిగిన పిల్ల లేచి, జడలో పూలు సర్దుకుని,
సభకు నమస్కారం పెట్టి,
మళ్ళీ చావడానికి నిలబడింది.
బాలనర్సు ఎడమ కొస లేపాడు.
నా చేతులు లేవలేదు.

సగం నది.
అటు వరద, ఇటు నేల మీద కుప్పపడ్డ గుడ్డ.
హార్మోనియం షడ్జమం పట్టుకుని ఎదురుచూసింది.
డబ్బాలో పెసలు ఆగాయి.
చంద్రిక వేషం కట్టిన వైజయంతి నావైపు చూసింది.
ఆ చూపులో మోహన లేదు, తిరుమలేశం లేడు.
పట్టుకున్న కొస జారిపోతున్నవాళ్ళ చూపు.
ఎంతసేపో తెలీదు. ఐదు లెక్కలేమో.

లేపాను.
నాలుగు పద్యాలూ అయ్యాయి. చప్పట్లు.

"ఆ ఆగడం భలే పండిందయ్యా,
ఇకనుంచి ప్రతి ఆటలో ఐదు లెక్కలు ఆపు,
హనీఫ్ సైగ చేస్తాడు" అన్నాడు తిరుమలేశం.
స్క్రిప్టు అంచున పెన్సిలుతో రాసి పెట్టుకున్నాడు కూడా.

అర్ధరాత్రి బాలనర్సూ నేనూ ఎదురెదురుగా నిలబడి
కొసకు కొస కలిపి మూసీని మడతపెట్టాం.
ఇన్నేళ్ళ స్టేజి దుమ్ము పట్టి
మడతల దగ్గర సిల్కు
విరిగిన చాయ్ రంగుకు తిరిగింది.
బాలనర్సు దీపం కిందికి లాగి చూశాడు.
"మస్తు మాసింది. రేపు ఉతికియ్యాలె" అన్నాడు.