సెలవు లేకుండా

రాజోలు సెంటర్లో మందుల షాపు కౌంటరు వెనక
ఇరవై రెండేళ్లుగా నిలబడ్డ చూపు నాది.
డాక్టరు గీసిన చీమలబారులోంచి
పొద్దున ఒకటీ రాత్రి రెండూ ఏరి
చదువు రానివాళ్లకి కవరు మీద
సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీసిస్తాను.

అందుకే తాతయ్య కాగితాలొచ్చినప్పుడు
అంతా నావైపే తోశారు,
కోడి కెలికిన రాత నీకు అలవాటేగా అని.

రెండే పేజీలు. చెద తిన్న అంచు నీడ కూడా
జిరాక్సులో దిగింది.
నేలపూడి యెషయా. ఊరి పేరు తప్పు.
ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు.
ఎడమ మోకాలి మీద మచ్చ.
ఆ మచ్చ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.

తరవాతంతా పొడి అక్షరాలే,
మధ్యలో చుక్కలు పెట్టుకుని,
మాట్లాడ్డం ఇష్టంలేని మనిషి పెదాల్లా.

అంతర్వేదిపాలెం సుబేదారు కామరాజు గారికి
చూపు ఆనదు. చేతికర్ర మీద గడ్డం ఆనించి వింటారు.
నేను అక్షరం చదివితే ఆయన మాట చెబుతారు.
టి.ఓ.ఎస్. అంటే పటాలంలో కలుపుకున్నారని.
పయనీరంటే ముందు పార, తరవాతే తుపాకీ అని.
ఎస్.ఓ.ఎస్. దగ్గర నేనే ఆగాను,
ఆపదలో పెట్టిన కేక అనుకుని.
"కాదమ్మా. పట్టీలోంచి పేరు కొట్టేశారని."
కేక లేదు. గీత.
నలభై నాలుగు, ఏప్రిల్.

దానికి పైన ఇంకో వరస,
ఎర్రసిరా అయ్యుంటుంది, బూడిదరంగుకి తిరిగింది:
ఏ.డబ్ల్యూ.ఎల్., పదకొండు రోజులు, నవంబరు నలభై మూడు.
ఎఫ్.పి., పదకొండు. ఆర్.ఐ., ఇరవై ఎనిమిది.
కర్ర మీంచి గడ్డం లేచింది.
"సెలవు లేకుండా పోయాడు. జీతం కోత. కఠిన శిక్ష.
పటాలం అప్పుడు ఎక్కడుందో చూడు."
బెంగుళూరు నుంచి కలకత్తా, రైల్లో.
ఇద్దరం ఒకేసారి అన్నాం: నిడదవోలు.

అక్కడ దిగితే నరసాపురం బండి.
రేవులో పడవ. వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి.
ఆపైన కాలవగట్టు, చీకట్లో,
బూట్లు చేత్తో పట్టుకుని...
బూట్లు నేను కలిపినవి. కాగితంలో లేవు.

"సెలవు లేనివాడు సెలవు తీసుకోడానికొచ్చాడు,"
అన్నారాయన, కాసేపటికి.
పన్నెండో రోజున తనంతట తనే వెళ్లి నిలబడ్డాడట,
అదీ ఉంది, మూడక్షరాల్లో.

మా మేనత్త సలోమి పుట్టింది ఆ వచ్చే ఆగస్టులో.
మొగుడు యుద్ధంలో ఉంటే కడుపేంటని
నాయనమ్మని రెండేళ్లు
ప్రభుబల్ల దగ్గరికి రానివ్వలేదు సంఘపెద్దలు.
వెనక గుమ్మం పక్కన చాప.
ఆవిడ నోరు విప్పలేదు.
పారిపోయొచ్చాడని తెలిస్తే కాలుస్తారని భయం.
చావు కబురొచ్చేసరికి పిల్ల పాకుతోంది.
అప్పుడు పింఛను ఆగుతుందని భయం.
ఆ తరవాత, అలవాటు.

అత్త మలికిపురంలో, అరుగు మీద,
చీపురుకి ఈనెలు చీలుస్తోంది.
అంతా చదివాను. కత్తి ఆగలేదు.
"ఎన్ని రోజుల జీతం కోశారన్నావ్?"
"పదకొండు."
"నెలకి ఎంతిచ్చేవారే?"
"పదహారో, పద్దెనిమిదో."
వేళ్ల మీద లెక్కేసింది. ఎనభై ఏళ్ల వేళ్లు.
"అయితే ఆరు రూపాయల పిల్లనన్నమాట,"
అని నవ్వింది, పళ్లులేని నవ్వు, చాలాసేపు.
"ఇప్పుడెవరికి చెబుతాం? ఆ పెద్దలంతా
సమాధుల దొడ్లోనే ఉన్నారు కదే."

చివర్న పెన్సిలుతో 'బి' ఒకటుంది.
అది సుబేదారు గారికీ తెలీదు.
బ్యాగులో పెట్టుకుంటుంటే
అత్త ఈనె మీంచి చూపు ఎత్తకుండా అడిగింది:
"మచ్చ ఏ మోకాలికన్నావ్?"
"ఎడమ."
"ఎడమ," అంది.
ఇంకో ఈనె తీసుకుంది.