పదిహేడో నిబంధన

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా"
అని రాసి ఆగిపోయినా.
ప్రతి ఏడూ ఇదే వాక్యం.
పాత కాయితం మీద తేదీ మారిస్తే చాలు,
టెండరు తయారు.

పాల ప్యాకెట్లు మోసే ప్లాస్టిక్ క్రేట్లు, నీలం రంగు.
అర లీటరువి ఇరవైనాలుగు పట్టాల.
కొత్త ముడిసరుకే, తిరగ కరిగించింది పనికిరాదు.
బరువు కిలోన్నరకు తగ్గరాదు.
మిద్దె మీదినుంచి పడేస్తే పగలరాదు.
ఎండకు వెలవరాదు.
ప్రొద్దుటూరు ఎండకు అని రాయలేను గదా,
అతినీలలోహిత కిరణాలకు అని రాస్తా.
సంఖ్య: ఆరు వేలు.

ఆరు వేలు ఎందుకంటే
పాతవాటిలో ఆరు వేలు లేవు.
ఆడిట్‌వాళ్లు దానికి తరుగు అని పేరు పెట్టినారు.
బంగారం అంగళ్ల ఊళ్లో తరుగంటే
గోటికి అంటినంత.
మా తరుగు మాత్రం నడిబజార్లో కనపడుతుంది:
మైదుకూరు రోడ్డు టీ బంకు ముందర బోర్లించినవి నాలుగు,
వాటి మీద నలుగురు, చేతుల్లో గ్లాసులు.
జమ్మలమడుగు బస్టాండులో ఒకదాన్నిండా సపోటాలు.
మూడో రూటు డ్రైవరు నాగమునెయ్య ఇంట్లో
ఒకదాంట్లో కోడి పొదిగింది.
దానికి జీతంలో రెండు వందల పది పట్టుకున్నాం.
"తొమ్మిది పిల్లలు లేసినాయి సార్,
గిట్టుబాటే" అన్నాడు.

పోయినసారి శాంపిళ్లు పంపినోళ్లు నలుగురు.
మేనేజరు గదిలో వరసగా పెట్టినాం,
పెళ్లిచూపుల్లో మాదిరి.
ఇంజనీరు కొలిచినాడు, తూకమేసినాడు,
మిద్దెక్కి ఒక్కొక్కటే పడేసినాడు.
నాలుగూ పాసే.
కోల్డు రూము తాళాలకని వచ్చిన దస్తగిరమ్మ
ఎవరూ అడక్కుండానే
ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూసింది, దించింది.
మూడోదాని దగ్గర చెయ్యి కొంగుకు తుడుచుకుంది.
"ఇది కరుచ్చాది" అనింది.
అందరం నవ్వినాం. నేను గూడా.

కవర్లు తెరిస్తే
మూడోదే తక్కువ. నాలుగు రూపాయల పది పైసలు.
తక్కువ రేటు ఎవరిదో ఆర్డరు వాళ్లది.
అది ఆరో నిబంధన. రాసింది నేనే.

రాత్రి రెండున్నరకు కోల్డు రూములో నాలుగు డిగ్రీలు.
వేళ్లు మొద్దుబారిపోయుంటాయి,
తెగినా తెలీదు.
లోడెత్తి, లారీ కదిలి, బయట గాలి తగిలినాక
అప్పుడు మొదలవుతుంది మంట.
ఒకరోజు పొద్దున్నే ఎవరో ఫోన్ చేసినారు,
పాల ప్యాకెట్టుకు ఎర్ర సిరా అంటిందని.
ఫిర్యాదుల పుస్తకంలో
ఎర్ర సిరా అనే రాసుకున్నా.

ఇప్పుడు పదహారు నిబంధనలు అయినాక
కింద కొంచెం తెల్లగా మిగిలింది.
"అంచులు నున్నగా ఉండవలెను" అని రాసినా.
ఎంత నున్నగా? అంటాడు ఇంజనీరు.
కొట్టేసినా.
"పిడి దగ్గర మనిషి చెయ్యి తెగరాదు.
పరీక్షించువారు: దస్తగిరమ్మ, కోల్డు రూము."
మేనేజరు పేరు కొట్టేసి
"లోడింగు సిబ్బంది సమక్షంలో" అని దిద్దినాడు.
సరే అన్నా. సమక్షంలో ఉండేది ఆమే గదా.

నోటీసు బోర్డుకు అంటిస్తాంటే
వెనక నిలబడి అడుగడుగూ చదివింది.
ధరావతు, లక్క ముద్ర, మధ్యాహ్నం మూడు గంటల లోపల,
అన్నీ దాటుకోని పదిహేడు కాడికొచ్చి
కాసేపు అక్కడే ఉండింది.
"బాగుండాది సార్.
మరి ఉండేవాటిని ఏం చేచ్చారు?"

నేను స్టాకు రిజిస్టరు తెరిచినా,
జవాబు అందులో ఉన్నట్టు.
పోయినసారి కొన్నవి నాలుగు వేలు.
ఈరోజు లెక్కకు నాలుగు వేలు.
టీ బంకాయన ఎత్తుకపోలేదు.
సపోటాలాయన అడగలేదు.
ఒక్కటంటే ఒక్కటి
తరుగు రాలేదు.