ఈనని ఏడు

పగలు నేను వాటిని లెక్కవెడత.
రాత్రి వాటినే తరుముత.
రెండు పనులకూ ఒకటే కట్టె.

మాగనూరు దిక్కు, కృష్ణ ఒడ్డు నల్లరేగడిల
పొద్దు పొడవక ముందు నిలవడితే
జింకలు మొదలు చెవులై కనవడతయి,
ఎనక కొమ్ముల మెలికలై,
ఎండ జరంత ముదిరినంక గని జింకలు గావు.
మొగవి నలుపు. ఆడవి జొన్నరొట్టె రంగు.
సారు ఇచ్చిన చీటీల మూడు గళ్లు:
మొగవి, ఆడవి, పిల్లలు.
నా సదువు ఐదు దాకనే,
గీతలు గీసుడొస్తది.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

మొదటేడు నూటపద్నాలుగు.
మల్లేడు నూటడెబ్బై.
మూడో ఏడు గళ్లు సాలక
చీటీ ఎనక రాసిన.
సారు సంబరపడి ఫోటో దిగిండు.
మా ఉశేనప్ప మామ సంబరపడలే.
పూత మీదున్న ఐదెకరాల కంది
ఒక్క రాత్రిల మొండెలైంది.
"నీ గీతలు పెరుగుతున్నయి గదరా,
నా బస్తాలేవిరా?" అన్నడు.
ఏం జెప్పాలె?
నా ఎకరన్నర గూడ ఆ గట్టుకు ఆనుకొనే ఉన్నది.

తోడేళ్లుంటుండెనంట ఎన్కట.
గొర్లను తింటున్నయని మందు వెట్టి సంపిన్రు.
మా తాత సంపినదాని తోక
చానొద్దులు చూరుకు వేలాడిందంట.
ఇప్పుడు జింకకు బుగులంటే
నా నూనె డబ్బా సప్పుడే.
దానికి గూడ అలవాటు పడ్డయి,
చెవి తిప్పి మల్ల మేస్తయి.

అటెనక వాన మొఖం సాటేసింది.
మొలిశిన జొన్న జానెడు కాడనే ఆగిపాయె.
సగం బీడు సోలారు పలకలకు పోయి
సుట్టూ తీగె పడింది.
మిగిలిన బీడుల గడ్డికి
మొదలు పొడుగు తగ్గింది, ఎనక రంగు,
ఎనక దాన్ని గడ్డి అనుడే తగ్గింది.
సర్కారు తుమ్మ ఒక్కటే పచ్చగ నవ్వుతుండె.

సావులు లెక్కవెట్టాలెనని
చీటీల ఇంకో గడి గీసుకొని పోయిన.
అన్ని సావలే.
కుక్కలు పట్టినయి రెండు,
కాలువల పడ్డది ఒకటి, అంతే.
అసలు సంగతి మూడో గడిల బయటపడ్డది.
పిల్లలు: రెండు.
నూటపది ఆడవాటికి రెండంటే రెండు!
పోయినేడు అదే గడిల అరవై దాటినయి.

ఎవలు జెప్పిన్రు వాటికి?
ఏ కచీర్ల కూసొని తీర్మానం జేసినయి?
ఒంట్ల కొవ్వు లేకుంటే ఎదకు రావు,
అంతే, అన్నడు పశువుల డాక్టరు
చాయ్ గ్లాసు కడుగుకుంట.
మొగవి గూడ కొమ్ములు కొట్టుకోలే.
తమ జాగ అని వేసుకునే పెంటికల కుప్పలు
ఎండి, పొడై, గాలికి పోయినయి.
వయసువి పది పన్నెండు
నీళ్లు లేని ఏట్ల బండల మీంచి
రాయచూరు దిక్కు దాటినయి.
మా తమ్ముడు బసప్ప
ఆ వారమే భివండి బస్సెక్కిండు.

మా ముత్తాతకు ఇరవైనాలుగెకరాలు, నలుగురు కొడుకులు.
ఆరు.
ఆరుకు మల్ల నలుగురు.
ఎకరన్నర.
నూకలు చెరుగుకుంట మా సుంకమ్మ
మనకు ఒక్క బిడ్డ సాలు అన్నది.
ఎందుకని నేను అడగలే.
చాట సప్పుడు ఆగలే.

ఈ ఏడు వాన పడ్డది.
నిన్న రాత్రి మంచె మీద డబ్బా ఎత్తిన గద,
టార్చి ఎలుతురుల కంది సాళ్ల నడుమ ఒక ఆడది,
మేస్తలేదు, కదుల్తలేదు.
దాని కాళ్ల కాడ
తడి ఆరని ముద్ద ఒకటి
లేశి, పడి, మల్ల లేశింది.

చేను నాది. కాయ గట్టిపడే ఒద్దులు.
జేబుల చీటీ తీసి
మూడో గడిల ఒక గీత గీశిన.
ఆ తర్వాతనే
డబ్బా కొట్టిన.